గుట్ట ఎక్కడానికి పదిహేను నెలలు

ఊరి పేరు రాయడం లేదు. హైదరాబాదుకు అరవై కిలోమీటర్ల లోపు, నల్లగొండ దారిలో పక్కకు తిరిగితే వస్తుంది. అంతవరకు చాలు. పేరు రాస్తే వచ్చే ఆదివారం అక్కడ నలభై కార్లు ఆగుతాయి. చోటు పన్నెండింటికే ఉంది. ఆ పన్నెండు అనే లెక్క కుదరడానికే మాకు పదిహేను నెలలు పట్టింది. తమకు ఇష్టమైన గుట్ట ఒకటి చేజారిపోకుండా చూసుకోవాలనుకునే క్లైంబర్లు, అంటే తాడు కట్టుకుని బండలెక్కేవాళ్ళు, ఇంకా ఉంటారు. వాళ్ళకు ముందుగా తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

2024 అక్టోబరు 27, ఆదివారం. పన్నెండేళ్ళుగా మేము ఎక్కుతున్న గుట్ట. నాది బ్యాంకు ఉద్యోగం. వారమంతా కౌంటరు వెనక కూర్చుంటాను, ఆదివారం పొద్దున్నే తాడూ బూట్లూ, చేతులు జారకుండా పూసుకునే సుద్దపొడి సంచీ కారులో వేసుకుని బయలుదేరతాను. ఆ రోజు బాట మొదట్లోనే తుమ్మకంప అడ్డంగా పడి ఉంది. పక్కన బండ నీడలో ఒక అవ్వ, భుజాన గొంగడి. ఒళ్ళో గొర్రెపిల్ల, దాని ముందరి కాలికి గుడ్డ చుట్టి ఉంది.

"ఎవరిని అడిగి ఎక్కుతున్నారు?" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. పన్నెండేళ్ళలో ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ వేసుకోలేదు. అంతకుముందు ఆదివారం ఎవరో వచ్చి తాగి, సీసాలు పగలగొట్టి పోయారట. పిల్ల గిట్ట తెగింది. వాళ్ళే సీతాఫలం చెట్లు కూడా దులిపేశారు. ఆ ఊళ్ళో పది పన్నెండు ఇళ్ళకు దసరా తర్వాత నెలన్నర పాటు చేతి ఖర్చు నడిచేది ఆ గుట్ట కాయలతోనే. ఆ రెండూ మేము చేసినవి కావు. మూడోది మాత్రం మాదే. ఎల్లమ్మ రాయి మీద, పసుపు బొట్ల పక్కన, మా సుద్దపొడి తెల్లటి వేలి ముద్రలు. ఒళ్ళు వేడెక్కించుకోవడానికి ఆ రాయి మీద అటూ ఇటూ పాకేవాళ్ళం. బొట్లు నేను చూడకపోలేదు. చూసి, చేయి కొంచెం పక్కకు పెట్టేదాన్ని. అదే మర్యాద అనుకున్నాను.

వెనక్కి వచ్చేశాం. కారులో దారి పొడవునా ఎవరూ నోరు విప్పలేదు.

ఈ గుట్ట ఎవరిదో కనుక్కోవడం చిన్న పని అనుకున్నాను. నవంబరు మొదటి వారంలో సెలవు పెట్టి పంచాయతీ కార్యాలయానికి వెళితే సర్పంచ్ లేరు. ఊళ్ళో లేరని కాదు, అసలు ఆ పదవిలోనే ఎవరూ లేరు. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం ఆ ఏడాది ఫిబ్రవరి మొదట్లో ముగిసింది, ఎన్నికలు జరగలేదు, ప్రత్యేకాధికారుల పాలన నడుస్తుండేది. మాకు దొరికిన అధికారికి సొంత శాఖ పని ఉంది, దానిపైన ఈ ఊళ్ళు. కార్యదర్శి మంచి కుర్రవాడు. "గుట్టల సంగతి తహసీల్దారు దగ్గర, మేడం" అన్నాడు. అక్కడి గుమాస్తా నవ్వాడు: "బండకు కూడా పహాణీ అడిగేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను."

మూడుసార్లు తిరిగాక డిసెంబరు 9న సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. మండల స్థాయిలో రుసుము అయిదు రూపాయలే. దానికి రసీదు రాయించుకోవడానికి గంటన్నర నిలబడ్డాను. ముప్ఫై రోజుల్లో రావలసిన జవాబు నలభై మూడో రోజున వచ్చింది. గుట్టలో ఎక్కువ భాగం రికార్డులో ఖారీజ్ ఖాతా, అంటే సర్కారుది. కానీ మేము ఎక్కే బండ గోడ కింది చదునూ, అక్కడికి చేరే బాటా రెండు కుటుంబాలకు సర్కారు ఎప్పుడో ఇచ్చిన అసైన్డ్ భూమిలో ఉన్నాయి. ఇక ఉత్తరం వైపు రాయి తీసుకోవడానికి క్వారీ దరఖాస్తు ఒకటి నడుస్తున్నది.

ఆ చివరి వాక్యం చదివాక రెండు రాత్రులు నిద్ర లేదు. హైదరాబాదులో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది కొత్త భయం కాదు. 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ గుండ్లు వారం రోజుల్లో కంకరగా మారడం చూస్తూనే పెరిగాం. మా బడి వెనక రెండు గుండ్లు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉండేవి. ఇప్పుడక్కడ అయిదంతస్తుల అపార్టుమెంటు ఉంది. 1996లో ఈ బండల కోసమే నగరంలో సొసైటీ టు సేవ్ రాక్స్ పుట్టింది. నాకు బండల పిచ్చి పట్టింది వాళ్ళు నడిపే రాక్ వాక్‌లలోనే. వాళ్ళ పోరాటం వల్ల నగరంలో కొన్ని బండలు వారసత్వ జాబితాకు ఎక్కాయి. మా గుట్ట నగరం హద్దుకు అవతల, ఏ జాబితాలోనూ లేదు.

ఇక్కడ నేను చేయబోయిన పొరపాటు ఒకటి చెప్పాలి. బాట ఉన్న రెండు కుటుంబాలకు ఏటా ఇంతని అద్దె ఇచ్చి, బాండు పేపరు మీద రాసుకుందామనుకున్నాను. మా న్యాయవాది స్నేహితురాలు తలపట్టుకుంది. అసైన్డ్ భూముల బదిలీని, అద్దెకు ఇవ్వడంతో సహా, నిషేధిస్తూ 1977 నుంచీ చట్టం ఉంది. నేను రాయించబోయే కాగితం ఎవరి చేతిలోనైనా పడితే పట్టా చిక్కుల్లో పడేది ఆ కుటుంబాలే. "మంచి చేయబోయి వాళ్ళ భూమికే ఎసరు పెడతావు" అని గట్టిగా చీవాట్లు పెట్టింది. కాగితం మానేశాం. నడవనిస్తారా అని నోటితో అడిగాం. ఆలోచించుకుంటామన్నారు. ఆలోచనకు ఏడు వారాలు పట్టింది.

2025 జనవరి నుంచి మార్చి వరకు ప్రతి ఆదివారమూ వెళ్ళాం, ఒక్కసారి కూడా తాడు విప్పలేదు. సీసా పెంకులు ఏరాం. నాలుగు ఆదివారాలకు పదకొండు బస్తాలు నిండాయి. ఎల్లమ్మ రాయి మీది సుద్దను నీళ్ళతో, కొబ్బరి పీచుతో రుద్ది తీశాం. అవ్వ దూరం నుంచి చూసేది, మాట్లాడేది కాదు. నాలుగో వారం మాత్రం "ఆ మూలన కూడా ఉంది" అని చేయి చూపించింది.

మధ్యాహ్నాలు వేపచెట్టు కింద కూర్చునేవాళ్ళం. అక్కడ నాకు ఎదురైన అసలు ప్రశ్న వడ్డెర వాడలోని ఒక నడివయసు మనిషిది. "క్రషర్ వస్తే రోజుకు ఎనిమిది వందల కూలి. మీరు తాడు వేలాడదీసుకుంటే మాకేమొస్తుంది?" పక్షులు, పచ్చదనం, ముందు తరాలు అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. నెల తిరిగేసరికి జీతం ఖాతాలో పడే నేను ఆయనకు ముందు తరాల గురించి చెప్పడం నాకే సిగ్గనిపించింది. "తెలియదు, కనుక్కుని చెబుతాను" అన్నాను.

మాకంటే బాగా మాట్లాడింది గురుకులంలో చదివే ఒక పిల్ల. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చింది. "పూర్ణ అక్క నేర్చుకున్నది భువనగిరి బండ మీదే కదా!" అన్నది. ఆ మాటతో చెట్టు కింద గాలి మారింది. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం వైపు కుర్రవాడు ఆనంద్ కుమార్. ఇద్దరూ గురుకులాల్లో చదివినవాళ్ళే. భువనగిరి కోట బండ మీద తాడు పట్టడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ బండ దగ్గర క్లైంబింగ్ బడి ఉందనీ, అక్కడ పిల్లలకు నేర్పేవాళ్ళకు అది ఉపాధి అనీ మాత్రం తెలియదు. మార్చిలో ఊరి కుర్రవాళ్ళు ఆరుగురిని, ఆ పిల్లను తీసుకుని భువనగిరి వెళ్ళి వచ్చాం. దూరమేమీ కాదు, బస్సు ఛార్జీలూ భోజనాలూ కలిపి రెండువేల లోపే అయింది. ఈ పదిహేను నెలల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పని జరిగింది మరొకటి లేదు.

తిరిగొచ్చాక ఒక కుర్రవాడు ఉత్సాహం ఆపుకోలేక గుట్ట కింద గదులు కడదామన్నాడు. హంపి దగ్గర నది అవతల విరూపాపుర గడ్డె గురించి చెప్పాను. క్లైంబర్లు ఏటా చలికాలమంతా అక్కడే ఉండేవారు, నేను కూడా రెండుసార్లు ఉన్నాను. అక్కడి బస గదులు అనుమతుల్లేని కట్టడాలని కోర్టుల్లో తేలి, 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వాటిని కూల్చేశారు. బండలకేమీ కాలేదు, వాటి మీద బతికిన వాళ్ళు మాత్రం చెల్లాచెదురయ్యారు. కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. గదుల మాట మళ్ళీ ఎత్తలేదు.

గుడ్లగూబ కథ కూడా చెప్పాలి. ఫిబ్రవరిలో మా గోడకు కుడివైపు అరుగు మీద కొమ్ముల గుడ్లగూబ పిల్లలు కనిపించాయి. ఆ భాగంలో చలికాలం నుంచి ఏప్రిల్ దాకా ఎవరూ ఎక్కకూడదని మేమే ప్రతిపాదించాం. ఊరు వెంటనే ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నారో మేము ఊహించింది వేరు, వాళ్ళ కారణం వేరు. పొద్దున్నే గుడ్లగూబ ముఖం చూస్తే ఎవరికైనా ఏదో అవుతుందని వాళ్ళ భయం. కారణం ఏదైతేనేం, పిల్లలు ఎగిరిపోయేదాకా అటు ఎవరూ పోలేదు. రామదేవర బెట్టను, బెంగళూరు దగ్గర రామనగరలో, 2012లో రాబందుల అభయారణ్యం చేసినప్పుడు కొందరు క్లైంబర్లు చాలా మొత్తుకున్నారు. అప్పట్లో నేనూ వాళ్ళ పక్షమే. ఆ అరుగు మీద మూడు బూడిదరంగు ముద్దలు కళ్ళు మూసుకుని కూర్చోవడం చూశాక నా వాదన కొంత మెత్తబడింది.

తేనెటీగలు అంత మంచివి కావు. ఏప్రిల్‌లో చూరులాంటి బండ కింద కొండ తేనెటీగలు పట్టు కట్టాయి. మా బృందంలో ఒకడు చెప్పినా వినకుండా కిందికి వెళ్ళి పదిహేడు ముళ్ళు తిన్నాడు. అవ్వ గొంగడి కప్పి లాక్కొచ్చింది. వానలు పడ్డాక పట్టు వదిలి వెళ్ళిపోయాయి. అప్పటిదాకా గోడ మొత్తం మూసివేత. ఎలాగూ ఎండల్లో ఆ గ్రానైట్ మీద వేలు పెట్టలేరు.

పంచాయతీ అనుమతి కాగితం ఇంకా రాలేదు కానీ ఒక పని ఇక ఆగేలా లేదు. గోడ మీద తాడు తగిలించుకోవడానికి బండలో దిగగొట్టిన పాత బోల్టులు తుప్పుపట్టి ఉన్నాయి. మామూలు ఇనుము, ఎవరు ఎప్పుడు కొట్టారో తెలియదు. వాటిలో రెండయితే చేత్తో తిప్పగానే తిరిగాయి. వాటి మీద నేను ఎన్నిసార్లు వేలాడానో తలచుకుంటే ఇప్పటికీ పొట్టలో చల్లబడుతుంది. పెద్దలను అడిగాం, సరేనన్నారు. ప్రత్యేకాధికారికి రాతపూర్వకంగా తెలియజేశాం. ఆయన వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో వానలు తెరిపిచ్చిన ఆరు రోజుల్లో పని చేశాం.

పాతవి తీసి పదకొండు రూట్లకు, అంటే గోడ మీద ఎక్కే దారులకు, డెబ్బై నాలుగు స్టెయిన్‌లెస్ బోల్టులు వేయాలి. బోల్టూ, తాడు కొక్కెం తగిలించే హ్యాంగరూ కలిపి ఆరువందలు. ఒక్కొక్కటి అడ్డంగా 25 కిలోన్యూటన్ల లాగుడుకు నిలవాలి, అంటే సుమారు రెండున్నర టన్నులు. మేము తొలి రంధ్రం వేయబోతుంటే వడ్డెర వాడ నుంచి ఒక తాత చూడటానికి వచ్చాడు. యాభై ఏళ్ళు రాళ్ళు కొట్టిన చేతులు. సుత్తి తెప్పించుకుని, మేము సుద్దతో గుర్తుపెట్టిన చోట మెల్లగా తట్టాడు. తల అడ్డంగా ఊపాడు. "బోలు" అన్నాడు. మా చెవులకు ఏ తేడా తెలియలేదు. రెండు జానల పక్కన తట్టి "ఇక్కడ పలుకుతుంది" అన్నాడు. ఈసారి మాకూ వినిపించింది, గంట మోగినట్టు. మా గ్రానైట్ ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతుంది. పైకి నున్నగా కనిపించే పొర వెనక ఖాళీ ఉండవచ్చు.

ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకు నేను తెల్లబోయాను. బోల్టు ఎలా పట్టుకుంటుంది? బిగిస్తున్న కొద్దీ చివరి తొడుగు విచ్చుకుని రంధ్రం గోడలను బయటికి నెడుతుందని చెప్పాను. తాత నవ్వాడు. "ఇది మా చీలే కదా! మేము రాయి పగలడానికి కొడతాం, మీరు ప్రాణం నిలవడానికి కొడుతున్నారు." వరసగా రంధ్రాలు వేసి చీలలు దిగగొడితే బండ నిలువునా చీలుతుంది, ఆయన జీవితమంతా చేసింది అదే. అంచుకు దగ్గరగా వద్దు, రెండు పక్కపక్కనే వద్దు అని మేము పుస్తకాల్లో చదివి బట్టీపట్టిన దూరాలన్నీ ఆయన వేళ్ళతో కొలిచి చూపించాడు. మా గుర్తుల్లో తొమ్మిది మార్పించాడు.

మర్నాడు కూలి మాట వచ్చింది. వెయ్యి ఇస్తామన్నాను. "ఒక్క మేకు ఆరువందలా, నా చెవికి వెయ్యా?" అన్నాడు. పదిహేను వందలకు కుదిరింది. నాలుగు రోజులు వచ్చాడు. క్రషర్ కూలి గురించి నన్ను అడిగింది ఆయన కొడుకేనని అప్పుడు తెలిసింది.

చిన్న చిన్న సంగతులు కొన్ని. మా రాతిలో ఒక్క రంధ్రానికి అయిదారు నిమిషాలు పడుతుంది, బ్యాటరీ ఎనిమిది రంధ్రాలకు చచ్చిపోతుంది. గుట్ట మీద కరెంటు లేదు. అవ్వ ఇంట్లో రెండు బ్యాటరీలు పెట్టి, ఒక కుర్రవాడు రోజంతా కిందికీ పైకీ తిరిగాడు. రంధ్రంలో పొడిని బ్రష్షుతో, పంపుతో పూర్తిగా ఊదెయ్యకపోతే బోల్టు సరిగ్గా పట్టదు. డ్రిల్లు మొనలు తొమ్మిది అరిగిపోయాయి, ఒక్కొక్కటి నాలుగువందలు.

అక్టోబరులో వెళ్ళలేదు. కాయల కాలం.

నవంబరులో ఒక ఆదివారం, ఎవరైనా పడితే ఏం చేస్తామో చేసి చూశాం. నన్నే స్ట్రెచర్ మీద కట్టారు. గోడ అడుగు నుంచి రోడ్డుకు దింపడానికి నలభై ఏడు నిమిషాలు పట్టింది, రెండుసార్లు జారవిడిచారు. 108కు ఫోను చేస్తే ఏమని చెప్పాలన్నది ఇంకో సమస్య. గుట్టకు పేరు లేదు, ఊళ్ళో వాళ్ళకు అది గుట్ట, అంతే. ఇప్పుడు బాట మొదట్లో బోర్డు మీద ఊరు, సర్వే నంబరు, దగ్గరి బస్టాపు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. మా నియమాలు దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్నాయి.

డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. సర్పంచుగా ఒక యువతి గెలిచింది. గెలిచిన వారానికే కార్యదర్శి మా ఫైలు ఆమె ముందు పెట్టాడట. అతనికి ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. 2026 జనవరి 24, శనివారం గ్రామసభ. మా అంశం తాగునీటి పైపుల తర్వాత, వీధి దీపాలకు ముందు. పావుగంటలో అయిపోయింది. పదిహేను నెలలు ఎదురుచూసినది పావుగంటలో అయిపోతే మనసు ఏమీ స్పందించదు. నేను బయటికి వచ్చి పంపు దగ్గర నీళ్ళు తాగాను.

తీర్మానంలో మేము రాసిచ్చినవి కొన్ని, వాళ్ళు చేర్చినవి కొన్ని. ఆదివారం పన్నెండు కార్లు, చెరువు కట్ట పక్కన పంచాయతీ స్థలంలోనే. కారుకు వంద రూపాయలు, పంచాయతీ పేర రసీదు. ఎల్లమ్మ వైపు ఎవరూ ఎక్కరు, బోనాల వారం గుట్ట మొత్తం అమ్మవారిదే. కాయల కాలంలో మూసివేత. కొత్త బోల్టు వేయాలంటే సభ ముందుకు రావాలి, తాత తట్టి చూడాలి. ఈ చివరి మాట కార్యదర్శి నిజంగానే తీర్మానంలో రాశాడు. భోజనం మహిళా సంఘం వండుతుంది, మనిషికి నూటఇరవై: జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఒక కూర. అసైన్డ్ భూమి కుటుంబాల్లో ఒక ఇంటి కోడలు వంటలో ఉంది, ఇంకో ఇంటి కుర్రవాడు కార్లు చూసుకుంటాడు.

సభ తర్వాతి అయిదు ఆదివారాల్లో నలభై ఏడు కార్లు, నూటఅరవై మూడు భోజనాలు. లెక్క వేయండి, క్రషర్ కూలికి ఇది సాటి రాదు. తాత కొడుకు కూడా అదే అన్నాడు, నేను కాదనలేదు. క్వారీ దరఖాస్తు ఇంకా అలాగే ఉంది. గ్రామసభ తీర్మానం నకలు తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాం, దానికి ఎంత విలువ ఉంటుందో అక్కడివాళ్ళు చెప్పరు.

మా తొమ్మిది మందికి చేతి నుంచి అయినది దాదాపు డెబ్బై అయిదు వేలు, పెట్రోలు కాకుండా. పెట్రోలు లెక్క మూడో నెలలోనే రాయడం మానేశాం. నగరంలో గంటకు వందలు పోసి జిమ్ములో ప్లాస్టిక్ పట్లు ఎక్కేవాళ్ళు ఇక్కడ కారుకు వంద రూపాయలంటే గొణుగుతున్నారు. వాళ్ళతో వాదించే ఓపిక నాకు పోయింది. రసీదు పుస్తకం కుర్రవాడి చేతిలో ఉంది, అతనితోనే మాట్లాడుకోమంటాను.

కంప ఇప్పటికీ ఉంది. పొద్దున అవ్వ దాన్ని పక్కకు లాగుతుంది, సాయంత్రం ఆరింటికి మళ్ళీ అడ్డం వేస్తుంది. మొన్న ఆదివారం మేము దిగేసరికి ఆరుంబావు అయింది. కంపకు ఇటు మేము, అటు ఆమె. సంచులు విప్పి చూపించమంది. ఖాళీ నీళ్ళ సీసాలు, అరటి తొక్కలు, తెగిన టేపు ముక్కలు అన్నీ బయటపెట్టాం. అన్నీ చూసి, ఒక తొక్క తీసుకుని గొర్రెకు పెట్టి, కంప కొంచెం పక్కకు జరిపింది.